రీఫ్ ట్యాంకులో ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌ల బెడద తొలగించడం ఎలా?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, రాళ్ల మీద, గాజు మీద తుప్పు రంగు మచ్చలు కదులుతూ కనిపిస్తే వెంటనే మందు సీసా అందుకోకండి. ఫ్లాట్‌వార్మ్‌లనే ఈ చదునైన పురుగులు బతికుండగా చేసే చేటు కన్నా ఒక్కసారిగా చచ్చినప్పుడు చేసేదే ఎక్కువ. చస్తూ నీటిలోకి విషం వదులుతాయి. 50, 60 లీటర్ల ట్యాంకులో ఆ విషం పలచబడేంత నీరు ఉండదు, చేపలు చనిపోవచ్చు. అందుకే మందు కన్నా ముందు పురుగుల సంఖ్య తగ్గాలి.

మొదట ఆనవాలు పట్టండి. భూతద్దంలో చూస్తే కొన్ని మిల్లీమీటర్ల పొడవు, ఎరుపు కలిసిన గోధుమ రంగు, తోక చివర మూడు చిన్న మొనలు ఉంటే అది కన్వల్యూట్రిలోబా. రెడ్ ప్లనేరియా అని అందరూ పిలిచేది దీన్నే. ఒంట్లో నాచు కణాలను పోషించుకుంటుంది కనుక వెలుగు బాగా పడి, ప్రవాహం తక్కువగా ఉన్న చోట గుంపు కడుతుంది. పగడాన్ని కొరకదు గానీ దాని మీద దుప్పటిలా పరుచుకుని వెలుతురు అందనివ్వదు. గాజు మీద పాకే పారదర్శకమైన చిన్నవి చాలావరకు నిరపాయకరమే, వాటిని వదిలేయండి. అక్రోపొరా పగడాలను తినే ఫ్లాట్‌వార్మ్ సంగతి వేరు, దానికి ఇక్కడ చెప్పే పద్ధతి పనికిరాదు.

ఇక అసలు పని. పంపులు ఆపండి, లేకపోతే ఊడిన పురుగులు ట్యాంకంతా చెదిరిపోతాయి. ఎయిర్ పంపుకు వాడే సన్నని ట్యూబు కొసను ఏటవాలుగా కోసి, పురుగులకు ఆనించి సైఫన్ చేయండి, అంటే నీటితో పాటు వాటిని ట్యూబులోకి లాగేయండి. రెండో కొస బకెట్‌లో ఉండాలి. ఆ నీటిని తిరిగి ట్యాంకులో పోయవద్దు, చితికిన పురుగుల విషం అందులోనే ఉంటుంది. తగ్గిన మేర కొత్త ఉప్పునీరు కలపండి. విసుగు పుట్టించే పనే, అయినా గుంపులు పలచబడే వరకు రోజు విడిచి రోజు చేయాలి.

పురుగులను తినే జీవులను తెచ్చుకోమని సలహాలు వస్తాయి. సిక్స్‌లైన్ రాస్ అనే చేప కొన్నిసార్లు తింటుంది, కొన్నిసార్లు వాటి వంక చూడనైనా చూడదు. పైగా చిన్న ట్యాంకులో తోటి చేపల మీద పడుతుంది. నీలి వెల్వెట్ నూడిబ్రాంక్ అనే గుల్ల లేని సముద్రపు నత్తకు ఈ పురుగులే ఆహారం, అవి అయిపోతే ఆకలితో చస్తుంది. నాకైతే ఇది న్యాయంగా తోచదు.

రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ఫ్లాట్‌వార్మ్ మందు తప్పదనుకుంటే సెలవు రోజు ఉదయం మొదలుపెట్టండి. ట్యాంకులో సగానికి సరిపడా ఉప్పునీటిని అదే ఉప్పదనం, అదే వేడిమితో ముందే సిద్ధం చేయండి. నీటిలోని మందును, విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) కొత్తది కడిగి పక్కన పెట్టుకోండి. మొదట ఒక గ్లాసు ట్యాంకు నీటిలో నాలుగు పురుగులను వేసి మందు పని చేస్తోందో లేదో చూడండి. తర్వాత ఫిల్టర్‌లోని పాత కార్బన్ తీసేసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ నడుపుతూ, సీసా మీద రాసిన మోతాదే వేయండి. పురుగులు ఊడి తేలుతుంటే వెంటవెంటనే లాగేయండి. సీసా మీద చెప్పిన సమయం కాగానే కొత్త కార్బన్ పెట్టి నీరు మార్చండి. ఈలోగా చేపలు ఎగశ్వాస తీస్తే గడువు కోసం ఆగకండి, వెంటనే మార్చండి.

కొన్ని తప్పించుకుంటాయి కనుక సీసా మీద చెప్పిన వ్యవధికి రెండో విడత వేయాలి. ఆపైన కొత్త పగడం కొన్నప్పుడల్లా అది అతికి ఉన్న రాతి ముక్కను వీలైతే తీసేసి, పగడాన్ని పురుగులు వదిలించే డిప్ ద్రావణంలో ముంచి, కొన్ని వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచండి.