పూర్వీకుల జాడ – 5వ పాఠం: కాగితంలో ఒక తండ్రి, ఇంట్లో ఒక తండ్రి

పోయిన పాఠంలో నటాల్‌కు (ఇప్పుడు దక్షిణాఫ్రికాలో భాగం) వెళ్లిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో మన మనిషి ఉన్న వరుసను ఎలా పట్టుకోవాలో చూశాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది అలా నటాల్ వెళ్లారు. అంతమందిలో మనవాళ్ల వరుస దొరికితే ప్రాణం లేచి వస్తుంది. కానీ చాలామందికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే తండ్రి పేరు ఒకటి, జాబితాలో ఉన్నది ఇంకొకటి.

అప్పుడు "ఏది నిజం?" అని అడగకండి. "ఈ పేరు గుమస్తాకు ఎవరు చెప్పారు, చెప్పినవాళ్లకు ఎలా తెలుసు?" అని అడగండి. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

అభ్యాసం కోసం నేను అల్లిన కేసు ఇది. ముత్తాత తండ్రి పేరు అప్పన్న అని ఇంట్లో అందరూ అంటారు. ముత్తాత చనిపోయినప్పుడు ఇచ్చిన మరణ సమాచార పత్రంలోనూ తల్లిదండ్రుల గడిలో అప్పన్న అనే ఉంది. ఓడ జాబితాలో మాత్రం 24 ఏళ్ల తల్లి, ఆమె వెనకే తర్వాతి నంబరుతో 3 ఏళ్ల పిల్లవాడు ఉన్నారు. పిల్లవాడి పేరు ముత్తాతదే. తండ్రి గడిలో రామయ్య అని ఉంది. ఓడ దిగిన నాలుగేళ్లకు ఆ తల్లి అప్పన్నను పెళ్లాడినట్టు వలస కూలీల రిజిస్టరు చెబుతోంది.

మరణ పత్రాన్ని తిప్పి చూడండి. కింద సంతకం చేసింది ముత్తాత కొడుకు. అతను తాతగా ఎరిగింది అప్పన్ననే. అబద్ధం ఆడలేదు, తను విన్నది చెప్పాడు. మూడేళ్ల పిల్లవాడి వరుసకు వివరాలు ఇచ్చింది మాత్రం కన్నతల్లి. పుట్టిన మూడేళ్లకే ఇచ్చింది. రెండు కాగితాలూ సమానం కావు. ఎక్కువ కాగితాల్లో ఏ పేరుంటే అదే నిజమని తేల్చేయడం చాలా పెద్ద పొరపాటు. పది కాగితాలూ ఒకే నోటి నుంచి వచ్చి ఉంటే అవన్నీ కలిసి ఒక్క సాక్ష్యమే.

అలాగని వెంటనే రామయ్య పేరు రాసేయకండి. ఇక్కడ మూడు కథలకు వీలుంది. రామయ్య కన్నాడు, అప్పన్న పెంచాడు. లేదా అప్పన్నే కన్నతండ్రి, ముందు ఓడలో వెళ్లాడు, తర్వాత భార్యాబిడ్డలు వెళ్లి కలిశారు, గుమస్తా తప్పు రాశాడు. మూడోది చాలామంది మరిచిపోతారు: ఓడలో వచ్చిన పిల్లవాడు చనిపోయాడు, తర్వాత అప్పన్నకు పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టుకున్నారు. ఈ మూడో కథ తేలాలంటే వాళ్లు పనిచేసిన చెరకు తోటలో పిల్లల మరణాల నమోదు వెతకాలి. ముత్తాత తర్వాతి కాగితాల్లో వయసు లెక్కగట్టి, ఓడ రాకముందు పుట్టాడా, వచ్చాక పుట్టాడా చూడాలి.

రెండో కథ తేలాలంటే అప్పన్న సొంత వరుస కావాలి. పెళ్లి రిజిస్టరులో అతని కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి ఇచ్చిన వరుస నంబరు) ఉంటే దాన్ని పట్టుకుని ఓడ జాబితాకు వెళ్లండి. నంబరు లేక పేరుతో వెతకాల్సి వస్తే అపన, ఉప్పన, అప్పనా అన్నీ చూడాలి. గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. అప్పన్న దిగిన ఏడేళ్లకు ఈ పిల్లవాడి ఓడ వచ్చిందనుకోండి, మధ్యలో అతను తిరిగి వెళ్లిన దాఖలా లేకపోతే అతను కన్నతండ్రి అయ్యే అవకాశం దాదాపు లేదు. తేడా నాలుగేళ్లే అయితే జాగ్రత్త. వయసులు అంచనాకు రాసినవి, 3 అన్నది 4 కావచ్చు.

ఊరి పేర్లలోనూ తొందరపడొద్దు. తల్లి వరుసలో "గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా" అని ఉంటే నేటి ఒడిశా గంజాంలో వెతుకుతూ కూర్చోకండి. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలోనే ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. అప్పన్న వరుసలో దక్షిణాన దూరంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా ఉంటే, వాళ్లిద్దరూ అక్కడే భార్యాభర్తలు అన్న కథ ఇంకా బలహీనపడుతుంది.

మనవాళ్ల పేర్ల ఆనవాయితీ కూడా చూడండి. ముత్తాత తన పెద్దకొడుక్కి రామయ్య అని పెట్టుకున్నాడా? తాత పేరు మనవడికి పెట్టడం మనకు అలవాటే కాబట్టి అది మంచి ఆధారం. ఒంటరిగా నిలబడదు, పక్కన ఇంకోటి ఉంటే గట్టిదవుతుంది.

డీఎన్ఏ గురించి చాలామంది అడుగుతున్నారు. ముత్తాత మనవళ్లు, అప్పన్న మిగతా పిల్లల మనవళ్లు పరీక్ష చేయించుకుంటే, ముత్తాతకూ ఆ పిల్లలకూ తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే అయినప్పుడు సగటున 3 శాతం డీఎన్ఏ, తల్లి మాత్రమే ఒకరైతే అందులో సగం కలవాలి. కానీ ఇవి సగటులే. మనిషి మనిషికీ శాతం అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఈ రెండు లెక్కలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి, వాటితోనే తేల్చలేం. కొడుకు, కొడుకు కొడుకు వరసలో వచ్చిన మగవాళ్లుంటే తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష సూటిగా చెబుతుంది. పరీక్షకు ముందే పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎలాంటి ఫలితం రావచ్చో విడమరిచి చెప్పి ఒప్పుకుంటేనే చేయించండి. తొంభై ఏళ్ల మనిషికి "మీ తాత మీ తాత కాదు" అని ఫోన్లో చెప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇక వంశవృక్షంలో రాయడం. మిగతా రెండు కథలూ నిలబడకపోతే, రామయ్య పేరు కింద "కన్నతండ్రి, చాలావరకు నమ్మదగినది" అనీ, అప్పన్న పేరు కింద "పెంచిన తండ్రి" అనీ రెండూ ఉంచండి. చెరకు తోటలో ఆ పిల్లవాడికి అన్నం పెట్టి పేరిచ్చిన మనిషిని మన వృక్షం నుంచి కొట్టేసే హక్కు మనకు లేదు.

వచ్చే పాఠానికి పని: మీ దగ్గరున్న ప్రతి కాగితం పక్కన, అందులోని తండ్రి పేరును ఎవరు చెప్పారో, బిడ్డ పుట్టిన ఎన్నేళ్లకు చెప్పారో రాసుకుని రండి. చెప్పినవాళ్లెవరో తెలియని చోట గడి ఖాళీగా వదిలేయండి. ఆరో పాఠం ఆ ఖాళీల మీదే.