జుట్టు రాలుతోందా? విటమిన్ గోలీలు కొనే ముందు ఇది చదవండి

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జుట్టు రాలుతోందంటే అందరూ ముందు చెప్పేది బయోటిన్ (ఒక రకం బి విటమిన్) గోలీలే, కానీ మామూలుగా అన్నీ తినేవాళ్లలో బయోటిన్ లోపం చాలా అరుదు. ముందు రక్త పరీక్ష చేయించండి: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), విటమిన్ డి, బి12, థైరాయిడ్. ఏది తక్కువుంటే దానికే గోలీ. ఇప్పటికే బయోటిన్ వాడుతుంటే ఆ సంగతి ల్యాబులో చెప్పండి, దానివల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఐరన్ లోపం. ఐరన్ గోలీ చాయ్‌తో అస్సలు వేసుకోకండి, చాయ్ తాగాక గంటన్నా ఆగి నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, జొన్నరొట్టెలోకి పప్పో గుడ్డో కూడా రోజూ ఉండాలి, ఎందుకంటే జుట్టు తయారయ్యేదే ప్రొటీన్‌తో. విటమిన్ డి 60,000 యూనిట్ల గోలీ సాధారణంగా వారానికొకటే, రోజూ కాదు, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. విటమిన్ ఎ, సెలీనియం ఎక్కువైతే జుట్టు ఇంకా రాలుతుంది, అందుకే రెండు మూడు రకాల మల్టీవిటమిన్లు కలిపి మింగొద్దు.

డెంగీ, టైఫాయిడ్, కాన్పు అయిన రెండు మూడు నెలలకు కుచ్చులుగా రాలితే టెన్షన్ పడకండి, చాలామందికి ఆర్నెల్లలో దానంతటదే తగ్గుతుంది. గుండ్రంగా రూపాయి బిళ్లంత ఊడినా, నడినెత్తి పలచబడుతున్నా మాత్రం గోలీలతో నెట్టుకురాకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.