తీపి వైట్ వైన్‌కి ఏ జోడీ, ఎంత చల్లదనం

తీపి వైట్ వైన్‌తో డెజర్ట్ పెడుతున్నారా? వైన్ కంటే డెజర్ట్ తియ్యగా ఉండకూడదు. ఉంటే నాలుక ఆ తీపికి అలవాటు పడిపోయి, తర్వాతి గుక్కలో వైన్ పలచగా, పుల్లగా తగులుతుంది. సీసా చెడిపోయిందనుకుంటారు, తప్పేమో పళ్లెంలో ఉంటుంది. అందుకే ఐసింగ్ కేకుల కన్నా ఆప్రికాట్ టార్ట్, బాదం బిస్కెట్లు నయం. డార్క్ చాక్లెట్ జోలికి వెళ్లకండి, దాని చేదు ముందు వైన్ తేలిపోతుంది.

అసలు మంచి జోడీ ఉప్పదనమే. సోటెర్న్ అనే ఫ్రెంచ్ తీపి వైట్ వైన్‌తో రోక్‌ఫోర్ అనే ఉప్పటి బ్లూ చీజ్ తిని చూడండి: ఉప్పు వల్ల తీపి వెగటు కొట్టదు, వైన్‌లోని పులుపు నోట్లో జిడ్డు నిలవనివ్వదు. చీజ్‌ను అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయాలి. కారం వంటకాలకు ఆల్కహాల్ 8–9 శాతమే ఉన్న తీపి రీస్లింగ్ (ఆ పేరు ద్రాక్షతో చేసే వైట్ వైన్) తీసుకోండి. ఆల్కహాల్ ఎక్కువైతే మంట పెరుగుతుంది.

సోటెర్న్ 10–12 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొద్దిగా బుడగలుండే ఇటాలియన్ తీపి వైన్ మోస్కాటో దాస్తి 6–8 దగ్గర బాగుంటాయి. మరీ చల్లబడితే వాసన తెలియదు, వెచ్చబడితే పాకం తాగినట్టుంటుంది. బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను 20 నిమిషాలు ఉంచండి. నీళ్లు లేకుండా ఉత్తి ఐసు వేస్తే సీసాకి అంతటా తగలదు, ఆలస్యమవుతుంది. మనిషికి 60–75 మిల్లీలీటర్లు చాలు, 375 మి.లీ. సీసా ఐదారుగురికి వస్తుంది. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. సోటెర్న్ వారం దాకా బాగానే ఉంటుంది, మోస్కాటోని మాత్రం మర్నాటికల్లా తాగేయాలి, బుడగలు పోతాయి.