క్లిప్పులు రావడం లేదా? చిన్న వీట్యూబర్లకు సమస్య - పరిష్కారం

ముఖానికి బదులు కదిలే బొమ్మతో ప్రసారాలు చేసే వీట్యూబర్లకు పేరు తెచ్చింది చాలావరకు అభిమానుల కత్తెరే. 2020లో జపాన్‌లోని హోలోలైవ్ అనే వీట్యూబర్ బృందం కళాకారుల సుదీర్ఘ ప్రసారాల నుంచి అభిమానులు చిన్న ముక్కలు కత్తిరించి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేసి పంచారు. జపనీస్ రానివారు కూడా వాటికి అలవాటు పడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో హోలోలైవ్ ఇంగ్లీషు విభాగం మొదలైంది. ఈ ముక్కలే క్లిప్పులు, జపాన్‌లో వీటిని ‘కిరినుకి’ అంటారు. సంస్థ అండ లేని చిన్న వీట్యూబర్‌కు ఇవి మరీ అవసరం. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం మూడు గంటలు ఎవరు కూర్చుంటారు?

సమస్య: రోజూ ఇరవై మంది వస్తారు, ఒక్కరూ క్లిప్ చేయరు.

కారణం దాదాపు ప్రతిసారీ సంకోచమే. మిమ్మల్ని ఎక్కువగా ఇష్టపడేవారే మీరు నొచ్చుకుంటారేమోనని ఎక్కువగా వెనకాడతారు. అనుమతి ఉందని మీరు అనుకుంటే చాలదు, అది రాతలో కనబడాలి. హోలోలైవ్‌ను నడిపే కవర్ సంస్థ కూడా అభిమానుల సృష్టికి నియమాలు ప్రకటించింది. మీకు లాయరు భాష అక్కర్లేదు. క్లిప్ చేయవచ్చా, దానిపై ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చా, అసలు ప్రసారం లింకు ఇవ్వాలా అన్నవి చెప్పండి. సభ్యులకు మాత్రమే పెట్టిన ప్రసారాలను, మీ అసలు గుర్తింపును ముట్టుకోవద్దని, మాటను అర్థం మారేలా కత్తిరించవద్దని రాయండి. ఆట, పాట హక్కులు మీవి కావు కాబట్టి వాటికి మీ అనుమతి వర్తించదని కూడా చేర్చండి. ఇదంతా ఛానెల్ వివరణలో ఆరేడు వాక్యాలకు మించదు.

సమస్య: అనుమతి ఇచ్చినా అరుదుగానే వస్తున్నాయి.

మూడు గంటల్లో నవ్వు పుట్టిన ఆ నలభై సెకన్లను వెతకడం పెద్ద పని. పైగా ప్రత్యక్ష ప్రసారాల వేదిక ట్విచ్‌లో అఫిలియేట్ (ఆదాయానికి తొలి మెట్టు) ఛానెళ్ల పాత ప్రసారాలు 14 రోజులకే తొలగిపోతాయి. అందుకే ప్రసారం ముగియగానే యూట్యూబ్‌కు ఎక్కించి, మంచి ఘట్టాలు ఏ నిమిషంలో వస్తాయో ఆ సమయాలు వివరణలో రాయండి. ఎవరైనా అభిమాని వ్యాఖ్యలో సమయాలు రాస్తే దాన్ని పైన పిన్ చేయండి. నేపథ్యం లేని మీ బొమ్మ చిత్రాలు కొన్ని అందరికీ అందుబాటులో ఉంచితే థంబ్‌నెయిల్ చేసేవారి శ్రమ సగం తగ్గుతుంది.

సమస్య: అభిమానులు మీ బొమ్మలు గీస్తున్నారు, అవి మీ కంట పడటం లేదు.

హ్యాష్‌ట్యాగ్ లేదు, లేదా అందరూ వాడే మామూలు మాటను ఎంచుకున్నారు. జపాన్ వీట్యూబర్లు చాలామంది తొలి ప్రసారంలోనే బొమ్మలకు ఒకటి, ప్రసారంపై కబుర్లకు మరొకటి ప్రకటిస్తారు. మీరూ ముందు వెతికి, ఎవరూ వాడని మాటను తీసుకోండి. ఆ ట్యాగ్‌తో పెట్టిన బొమ్మలను థంబ్‌నెయిల్‌లో వాడతానని ముందే తెలపండి. వాడిన ప్రతిసారీ గీసినవారి పేరు వేయండి.

సమస్య: క్లిప్‌ను వేలమంది చూశారు, చందాదారులు పెరగలేదు.

క్లిప్ చూసి వచ్చినవారికి మీ ఛానెల్‌లో తర్వాతి ప్రసారం ఎప్పుడో కనబడలేదు. వేళలు పైనే పెట్టండి, ఒక నిమిషం పరిచయ వీడియో చేయండి. అయినా అందరూ ఉండిపోరు. వందలో ఇద్దరు మిగిలినా, ఇరవై మంది వచ్చే గదిలో ఆ ఇద్దరి రాక తెలుస్తుంది.

ఇక ఒకే అభిమాని వారం వారం క్లిప్పులు చేస్తుంటే, అది అభిమానం దాటి ఉద్యోగమంత శ్రమ అయింది. మీకు ఆదాయం మొదలైన రోజున ఆ మనిషికి డబ్బు ఇవ్వండి.