స్టూడర్ ఏ80 టేప్ రికార్డర్ కొనే ముందు

స్విట్జర్లాండ్‌కు చెందిన స్టూడర్ సంస్థ 1970లో విడుదల చేసిన ఏ80, స్టూడియోల కోసం తయారైన రీల్ టేప్ రికార్డర్లలో సేకరణకర్తలు ఎంతో ఇష్టంగా వెతికే యంత్రం. కొనదలచినవారు పైమెరుగు చూసి మోసపోకుండా ముందుగా హెడ్‌లను (టేపుపై ధ్వనిని నమోదు చేసే, చదివే భాగాలను) భూతద్దంతో పరిశీలించాలి. టేపు రాపిడికి హెడ్ ముఖం చదునుగా అరుగుతుంది. ఆ అరుగుదల సమంగా, తక్కువగా ఉంటే నిపుణులు దానిని మళ్లీ సానపట్టగలరు గాని, హెడ్ మధ్యనుండే సన్నని చీలిక (గ్యాప్) వెడల్పయ్యేదాకా అరిగితే హెడ్ మార్చక తప్పదు, బేరంలో మిగిలిందంతా దానికే పోతుంది. నా దృష్టిలో రంగు వెలిసినా హెడ్‌లు బాగున్న యంత్రమే మేలు.

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రాన్ని నేరుగా కరెంటుకు కలపకూడదు; పాతబడిన కెపాసిటర్లు పేలవచ్చు కనుక వాటిని ముందే పరీక్షించి, అవసరమైతే మార్పించాలి. టేపును నొక్కిపట్టి నడిపే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడిందో, జిగురుగా మారిందో వేలితో తాకి చూస్తే తెలుస్తుంది.

ఈక్వలైజేషన్ (రికార్డింగులోనూ వినేటప్పుడూ హెచ్చు, తగ్గు స్వరాల స్థాయిని సరిదిద్దే పద్ధతి) సంగతి చాలామంది మరచిపోతారు. అమెరికా ప్రమాణమైన ఎన్ఏబీలో రికార్డయిన టేపును ఐరోపా ప్రమాణమైన సీసీఐఆర్‌కు అమర్చిన యంత్రంపై వింటే స్వరాల సమతూకం చెడుతుంది.

యంత్రంతోపాటు వచ్చే పాత టేపులను వెంటనే నడపవద్దు. 1970ల, 80ల నాటి ఆంపెక్స్ 456 వంటి టేపుల్లో అయస్కాంత పొడిని టేపుకు పట్టి ఉంచే బైండర్ తేమ పీల్చి జిగురెక్కి, హెడ్‌లకు అంటుకుంటుంది.