అల్యూమినియం సైకిల్ ఫ్రేమ్ మసకబారిందా? రుద్దే ముందు ఇది చూడండి

నిరుడు నల్లగొండ రామగిరిలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ గేర్ సైకిల్ కొన్నాను. వరండాలో నిలబెట్టగానే మా అమ్మ చూసి, "సత్తు గిన్నె లెక్క మాసింది కదరా, బూడిద పెట్టి తోమరాదు" అంది. వెనక చక్రం పక్కన సన్న పైపు మీద తోమి చూశాను. మెరవడం అటుంచి, మసకగా ఉన్నది కాస్తా నల్లబడింది.

తప్పు అమ్మది కాదు. పొర ఏదో తెలుసుకోకుండా చెయ్యి పెట్టడం నాది. ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఉక్కు, దాని సంగతి వేరు. అంటకపోతే ఫ్రేమ్ కడిగి ఆరబెట్టి, మల్టీమీటర్‌ను (కరెంటు పనులకు వాడే మీటర్) కరెంటు దారి దొరికితే మోగే బీప్ మోడ్‌లో ఉంచి రెండు మొనలూ మెల్లగా ఆనించండి, గీరొద్దు. బీప్ వస్తే ఉత్త లోహం. రాకపోతే పైన క్లియర్ కోటో (రంగులేని వార్నిష్ పూత) అనోడైజింగో (కరెంటుతో లోహం మీదే కట్టించిన మందమైన ఆక్సైడ్ పొర) ఉన్నట్టు. ఏదో తేలాలంటే పెడల్ ఇరుసు కింద, కనబడని చోట, ఒక్క చుక్క పెయింట్ రిమూవర్ వేయండి. క్లియర్ కోట్ అయితే ముడతలు పడి లేస్తుంది.

ఫ్రేమంతా మసక, బీప్ వస్తోంది
గాలి తగలగానే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. అది లోహాన్ని కాపాడేదే. ఏళ్ల తరబడి చెమట, తేమ, దుమ్ము చేరి గరుకెక్కితేనే మెరుపు పోతుంది. సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు) 600తో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా తడిపి రుద్దండి. నంబర్ మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి, అడ్డంగా రుద్దినవాళ్లు నిలువుగా. ముందు గీతలన్నీ పోయాకే తర్వాతి నంబర్. నేను 600 నుంచి నేరుగా 2000కు దూకాను. ఎండలో పెడితే గీతలన్నీ బయటపడ్డాయి, మళ్లీ మొదటికొచ్చాను. చివర్లో పాత బనియన్ గుడ్డకు బ్రాసో (లోహాలకు వాడే పాలిష్) అద్ది చిన్న చిన్న చోట్ల రుద్దండి. గుడ్డ నల్లగా అయితే టెన్షన్ వద్దు, ఊడి వస్తున్న లోహమే అది. ఎండిపోకముందే శుభ్రమైన గుడ్డతో తుడిచి, కార్ వ్యాక్స్ పూయండి. ఉక్కు పీచు మాత్రం వాడొద్దు. దాని ముక్కలు అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు మరకలు పెడతాయి.

తెల్ల మచ్చలు
మా బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే వచ్చేవి ఎక్కువగా సున్నపు మరకలే. సగం వెనిగర్, సగం నీళ్లతో తడిపిన గుడ్డను రెండు నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వెంటనే తుడవండి. మచ్చ పోయి కింద గుంట కనిపిస్తే అది చెమట ఉప్పు తిన్న చోటు. పైపైన రుద్దండి చాలు, గుంట మొత్తం పోవాలని పట్టుబడితే పైపు పలచబడుతుంది.

పొర కింద పురుగు పాకినట్టు గీతలు
క్లియర్ కోట్ ఎక్కడో చిట్లి తేమ దూరింది. అతుకులు వేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గ్లౌజులు వేసుకుని, ఆరుబయట రిమూవర్‌తో మొత్తం తీసేయడమే నయం.

ఎంత రుద్దినా మెరవదు, బీప్ రాదు, రిమూవర్‌కూ చలించదు
అనోడైజింగ్. లోహం కంటే గట్టి పొర. కాస్టిక్ సోడాతో తీసే వీడియోలు చూసి మోసపోకండి. అది పొరతో పాటు పైపునూ తింటుంది, హైడ్రోజన్ వదులుతుంది, చర్మం కాలుస్తుంది. నేనైతే కడిగి వ్యాక్స్ పూసి వదిలేస్తాను.

తోమితే నల్లబడింది
నా కేసే. బూడిద, వాషింగ్ సోడా క్షారాలు, అల్యూమినియానికి పడవు. 1000 పేపర్‌తో తేలిగ్గా రుద్ది బ్రాసో పెడితే పోయింది.

వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత
పాలిష్ పెట్టినా పోదు, గోరు ఆనిస్తే తగులుతుంది. అది పగులు కావచ్చు. అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించండి. ఆయన సరే అనేదాకా ఆ సైకిల్ మీద ఇక్కడి పానగల్ చెరువు కట్ట దాకా కూడా వెళ్లొద్దు.