చప్పుడు లేకుండా ఆగిపోయిన బ్యాకప్: నా అనుభవం

మా ఉబుంటు సర్వర్‌లో రోజూ రాత్రి 2 గంటలకు క్రాన్ (చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) ఒక బ్యాకప్ స్క్రిప్టును నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని డేటాను పీజీ డంప్ అనే కమాండ్‌తో తీసి, జీజిప్ అనే కమాండ్‌తో కుదించడం దాని పని. సర్వర్ మార్చిన వారానికి పాత డేటా అవసరమై ఫోల్డర్ తెరిస్తే, ప్రతి ఫైలూ సరిగ్గా 20 బైట్లు! ఖాళీని కుదిస్తే వచ్చే సైజు అది. గుండె జారిపోయింది.

తప్పెక్కడో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. అందుకే స్క్రిప్టులో, సిస్టమ్ లాగ్‌లో లైన్లు రాసే లాగర్ కమాండ్ పెట్టాను. పని మొదలైతే ఇన్ఫో స్థాయిలో ఒక లైను, చెడితే ఎర్రర్ స్థాయిలో ఎగ్జిట్ కోడ్‌తో (కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) ఇంకో లైను. ఆ లైన్లకు ట్యాగ్ (గుర్తుగా ఒక పేరు) మాత్రం తప్పకుండా ఇవ్వండి, లేకపోతే వేల లైన్లలో వెతుక్కోవాలి.

తీరా ఆ రాత్రి లాగ్‌లో 'బ్యాకప్ పూర్తయింది' అనే వచ్చింది. పీజీ డంప్ ఫలితం పైపు ద్వారా నేరుగా జీజిప్‌కు వెళ్తుంది; అలాంటి పైపులో చివరి కమాండ్ ఫలితాన్నే బాష్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్) లెక్కలోకి తీసుకుంటుంది. జీజిప్ ఎప్పుడూ బాగానే ముగిసేది మరి. పైపులో ఏ కమాండ్ చెడినా చెప్పే పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టాక అసలు సంగతి బయటపడింది: కోడ్ 127, అంటే కమాండే దొరకలేదు. కొత్త సర్వర్‌లో పీజీ డంప్ ఉన్న ఫోల్డర్ క్రాన్ పాత్‌లో (కమాండ్ల కోసం అది వెతికే ఫోల్డర్ల జాబితాలో) లేదు. స్క్రిప్టులో పీజీ డంప్ ఉన్న చోటును పూర్తిగా రాశాను, సరిపోయింది.

ఇప్పుడు ఫైలు సైజు కూడా అదే లాగ్ లైనులో రాయిస్తున్నాను. పొద్దున్నే జర్నల్‌లో (సిస్టమ్ లాగ్‌లో) ఆ ట్యాగ్ పెట్టి చూస్తాను.